వెనక ఇంకొకరున్నారు

మా అమ్మ దృష్టిలో ప్రపంచంలోని చలులన్నిటికీ ఒకటే మందు... మంకీ క్యాప్‌. 2025 ఫిబ్రవరిలో నేను అమెరికాలో ఉన్న అన్నయ్య దగ్గరికి బయల్దేరుతుంటే, గోంగూర పచ్చడి సీసాకీ కందిపొడి డబ్బాకీ మధ్య ఉన్న కాస్త ఖాళీలో ముదురు గోధుమరంగు మంకీ క్యాప్‌ ఒకటి కుక్కింది. అది నాన్నది. తెనాలిలో ఉన్నప్పుడు సంక్రాంతి నెలలో తెల్లవారుజామున పాల కోసం వెళుతూ పెట్టుకునేవాడు. 'అక్కడ దీనికన్నా మంచివి దొరుకుతాయమ్మా' అన్నాను. 'దొరికితే వాణ్ని కొనుక్కోమను. నువ్వు మాత్రం ఇదే పెట్టుకో' అంది.

పెట్టుకున్నాను. మైనస్‌ 14 డిగ్రీల చలిలో, హెల్మెట్‌ లోపల, మంచు మీద పరుగెత్తే బండి నడుపుతూ! తెనాలి మంకీ క్యాప్‌ పెట్టుకున్న మనిషిని ఆ అడవి చూడటం బహుశా అదే మొదటిసారి అయి ఉంటుంది.

ఆ బండి పేరు స్నోమొబైల్‌. సినిమాల్లో మీరూ చూసే ఉంటారు. ముందు చక్రాలకు బదులు రెండు స్కీలు. వెనక రబ్బరుతో చేసిన వెడల్పాటి పట్టీ... పొక్లెయిన్‌ కింద తిరుగుతుందే, అలాంటిది. మధ్యలో మోటారు సైకిల్లా సీటు. బరువు రెండొందల కిలోల పైమాటే. కుడి బొటనవేలితో నొక్కితే పరుగు, ఎడమచేత్తో పడితే బ్రేకు. క్లచ్‌ నొక్కడం, గేర్లు మార్చడం లాంటి బాధలేవీ లేవు. 'స్కూటీ వచ్చినవాళ్లు ఎవరైనా నడపొచ్చు' అన్నాడు అన్నయ్య. అన్నయ్య 'ఎవరైనా' అన్నప్పుడల్లా నాకు ఏదో ఒకటి అవడం చిన్నప్పట్నుంచీ ఉన్నదే.

మా ఇద్దరికీ మూడేళ్లు తేడా. ఒకప్పుడు ఒకే పళ్లెంలో తిని, ఒకే సైకిలు కోసం కొట్టుకున్నవాళ్లం. 2021 తర్వాత మాత్రం మా మాటలన్నీ అమ్మ బీపీ మాత్రల దగ్గర మొదలై బ్యాంకు ఓటీపీల దగ్గర ఆగిపోయేవి. అమ్మకి ఆ సంగతి తెలుసు. మోకాళ్ల నొప్పులతో తను అంతదూరం ప్రయాణం చేయలేదు. అందుకే 'ఓసారి వెళ్లి పిల్లల్ని చూసిరావే' అంటూ రెండేళ్లపాటు పోరి పోరి నన్ను పంపింది. పిల్లల్ని మాత్రమే చూసి రమ్మని కాదని నాకూ తెలుసు.

అన్నయ్య చదివిన ఊరు

మిషిగన్‌ రాష్ట్రం రెండు ముక్కలు. కింది ముక్కలో డెట్రాయిట్‌, కార్ల కంపెనీలు, చుట్టూ బోలెడుమంది తెలుగువాళ్లు. అన్నయ్యా వదినా ఉండేది అక్కడే. పై ముక్కకు వెళ్లాలంటే 1957లో కట్టిన ఐదు మైళ్ల మాకినా వంతెన దాటాలి. దాటాక అడవి, మంచు, మళ్లీ అడవి. డెట్రాయిట్‌ నుంచి కార్లో దాదాపు పదిగంటలు పోతే హోటన్‌ అనే చిన్న ఊరు వస్తుంది. 2009లో అన్నయ్య ఎమ్మెస్‌ చదవడానికి వచ్చింది అక్కడి మిషిగన్‌ టెక్‌ యూనివర్సిటీకే. ఆ డిసెంబర్లో ఫోన్‌ చేసి 'నాన్నా, ఇక్కడ మంచు నడుందాకా ఉంది' అంటే, స్కూలు మాస్టారైన మా నాన్న 'మంచిదేలే, బయట తిరిగే పనుండదు... చదువుకో' అన్నాడు.

నడుందాకా అన్నది గొప్పకి కాదు. హోటన్‌ ఉన్నది కీవినా అనే ద్వీపకల్పం మీద. మ్యాపులో చూస్తే సుపీరియర్‌ సరస్సులోకి వేలు పెట్టినట్టు ఉంటుంది. సరస్సంటే మనకి హుస్సేన్‌సాగర్‌ గుర్తొస్తుంది. ఈ సుపీరియర్‌ 82 వేల చదరపు కిలోమీటర్లు... తెలంగాణలో సుమారు ముప్పావు వంతు! చలికాలంలో కెనడా వైపు నుంచి వచ్చే గడ్డకట్టించే గాలి ఇంత పెద్ద సరస్సు మీదుగా వస్తూ, తనకన్నా కాస్త వెచ్చగా ఉండే ఆ నీళ్ల నుంచి తేమంతా పీల్చుకుంటుంది. ఎదురుగా కీవినా కొండలు తగలగానే పైకి లేచి, ఆ తేమనంతా మంచుగా కుమ్మరిస్తుంది. ఒక్కో చలికాలంలో ఐదు మీటర్లకు పైగా కురవడం ఇక్కడ మామూలే.

చదువుకునే రోజుల్లో అన్నయ్య గది కిటికీలోంచి చూస్తే వరసగా స్నోమొబైళ్లు పోయేవట. రంగురంగుల హెల్మెట్లు, వెనక లేచే మంచుపొగ. అద్దె తన నెల సరుకుల ఖర్చుకి దగ్గర్లో ఉండేదట. అందుకని చూడటంతోనే సరిపెట్టుకున్నాడు. ఉద్యోగం వచ్చాక మాత్రం స్నేహితులతో కలిసి ఏటా ఒకసారైనా వస్తున్నాడు. 2023-24 చలికాలం ఒక్కటే రాలేదు. ఆ ఏడాది అమెరికా ఉత్తరాది అంతటా మంచు బాగా తక్కువ. పంటలు పోయిన ఊళ్లలా అయ్యాయట ఇక్కడి హోటళ్లు.

'నిన్ను తీసుకెళతా, ఒకరోజంతా తిరుగుదాం' అని అన్నయ్య అంటే నేను తల అడ్డంగా ఊపాను. వదినే పట్టుబట్టింది. 'పిల్లల్ని నేను చూసుకుంటా. మీరిద్దరూ వెళ్లండి' అని ఫ్లాస్కు కూడా తీసి బల్లమీద పెట్టింది. కార్లో పదిగంటలూ ఇళయరాజా పాటలు విన్నాం. ఏది ఏ సినిమాలోదో చెప్పుకున్నాం. అంతకుమించి ఏమీ మాట్లాడుకోలేదు.

రాత్రి మోటెల్‌ గదిలో నిద్రపట్టక, ఈ బండి ఎవరు కనిపెట్టారా అని ఫోన్లో వెతికాను. వృత్తి బుద్ధి! కెనడాలో క్యుబెక్‌ రాష్ట్రంలోని వాల్కోర్‌ అనే ఊళ్లో జోసెఫ్‌ అర్మాండ్‌ బాంబార్డియర్‌ అనే మెకానిక్‌ ఉండేవాడు. మంచుమీద నడిచే బండి చేయాలన్నది కుర్రతనం నుంచే అతని పిచ్చి. 1934 చలికాలంలో అతని రెండేళ్ల కొడుకుకి కడుపులో జబ్బు ముదిరింది. రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయాయి. షెడ్డులో ఉన్న బండి ఇంకా పూర్తికాలేదు. బాబుని ఆస్పత్రికి చేర్చలేకపోయారు. బాబు చనిపోయాడు. 1937లో పేటెంటు సంపాదించిన అతని బళ్లు డాక్టర్లనూ, బడిపిల్లలనూ, ఉత్తరాలనూ మంచుమీద మోశాయి. ఇప్పుడు మనం చూసే చిన్న సైజు సరదా బండి 'స్కీ-డూ' వచ్చింది 1959లో.

చదివి ఫోన్‌ పక్కన పెట్టాను. పక్క మంచం మీద అన్నయ్య కూడా నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. ఇద్దరం నిద్ర నటించాం.

ఒక వేలు, ఒక పిడికిలి

ఫిబ్రవరిలో అక్కడ తెల్లవారేసరికి ఎనిమిది దాటుతుంది. ఎనిమిదిన్నరకి బయల్దేరాం. అన్నయ్యది పాత సొంత బండి, నాది అద్దెది. వేసుకున్న బట్టల లెక్క చెబితే నవ్వుతారు. లోపల ఉన్నివి రెండు జతలు, పైన గాలి దూరని ప్యాంటూ కోటూ, మోకాళ్ల దాకా బూట్లు, రెండు జతల గ్లవుజులు. మంకీ క్యాప్‌ తీయగానే అన్నయ్య ఒక్క క్షణం దానివంకే చూశాడు. 'నాన్నదా?' అన్నాడు. 'ఊఁ' అన్నాను. 'హెల్మెట్‌ కింద అదే బాగుంటుంది, పెట్టుకో' అని తన బండి వైపు వెళ్లిపోయాడు.

పదినిమిషాల పాఠం. ఎర్రతాడు ఒక కొస బండికీ, ఇంకో కొస నా కోటుకీ. నేను పడితే తాడు ఊడి ఇంజిన్‌ ఆగిపోతుంది. హ్యాండిల్‌ పిడులకు వేడి స్విచ్‌ ఉంది. బొటనవేలికి విడిగా ఇంకో వేడి స్విచ్‌! ఎప్పుడూ కుడివైపే నడపాలి. 'ముఖ్యమైంది ఇదొక్కటే... దారి చీలిన ప్రతిచోటా, పెద్ద మలుపు ఉన్న ప్రతిచోటా నేను ఆగుతాను. నీ లైటు కనిపించాకే కదులుతాను. కాబట్టి కంగారుపడి నన్ను పట్టుకోవాలని చూడకు.'

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఇతనే... తెనాలిలో గంటకు రూపాయి అద్దె సైకిళ్లు తీసుకుని కాలవగట్టు మీద అమ్మమ్మగారి ఊరు వెళుతుంటే, రెండో తూము దాటకముందే కనుమరుగయ్యేవాడు. నేను ఏడ్చుకుంటూ, చైను ఊడిన సైకిలు నడిపించుకుంటూ చేరేదాన్ని. నాన్న వీధి అరుగు మీద నిలబడి ప్రతిసారీ ఒకటే ప్రశ్న: 'చెల్లెల్ని ఎక్కడ పారేసొచ్చావురా?'

ఊరు దాటడమే ఒక వింత. హోటన్‌కీ అవతలి హాన్‌కాక్‌కీ మధ్య 1959లో కట్టిన ఎత్తే వంతెన ఉంది. పడవలు వచ్చినప్పుడు మధ్యభాగం పైకి లేస్తుంది. దానికి రెండంతస్తులు. చలికాలంలో పైన కార్లు, ఒకప్పుడు రైళ్లు నడిచిన కింది అంతస్తులో స్నోమొబైళ్లు! నెత్తిమీద లారీలు దడదడలాడుతుంటే ఇనుప దూలాల మధ్యనుంచి మంచుబండి మీద వెళ్లడం... ఇది చూడటానికే అంతదూరం వచ్చినా తప్పులేదనిపించింది.

అవతల కొండమీద క్విన్సీ రాగి గని గోపురం. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు రాగి మీద బతికింది. క్విన్సీ సొరంగం ఏటవాలుగా తొమ్మిదివేల అడుగులకు పైగా లోపలికి దిగిందట. గనులు మూతపడ్డాయి, రైళ్లు ఆగిపోయాయి. పట్టాలు పీకేసిన ఆ రైలుదారే ఇప్పుడు స్నోమొబైళ్ల దారి. వీళ్లు 'ట్రయల్‌' అంటారు. రాష్ట్రం మొత్తం మీద ఇలాంటివి ఆరువేల మైళ్లకు పైగా ఉన్నాయి. బండికి అంటించే పర్మిట్‌ స్టిక్కర్ల డబ్బుతో వాటిని చూసుకుంటారు. రాత్రిపూట ట్రాక్టరులాంటి యంత్రాలు తిరిగి మంచుని చదును చేస్తాయి. పొద్దున్నే వెళితే ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంటుంది. మధ్యాహ్నానికల్లా గతుకులే గతుకులు... మన రోడ్ల మీద బెంగ తీరిపోతుంది.

మొదటి అరగంట నేను పాతిక మైళ్ల వేగం దాటలేదు. తర్వాత ధైర్యం వచ్చింది. రెండువైపులా మంచుతో కొమ్మలు వంగిన చెట్లు. ఇంజిన్‌ మోత తప్ప ఏమీ వినిపించదు. ఎదురుగా ఓ గుంపు వచ్చినప్పుడు అన్నయ్య ఎడమచేయి ఎత్తి ఒక వేలు చూపించాడు. అవతలి మొదటివాడు నాలుగు వేళ్లు చూపించాడు. వాడి వెనకున్నవాళ్లు మూడు, రెండు, ఒకటి. చివరివాడు పిడికిలి మూశాడు. ఇదేం పలకరింపో అనుకున్నాను. కాల్యుమెట్‌ అనే ఊళ్లో ఆగినప్పుడు అడిగితే చెప్పాడు. 'నా వెనక ఇంకా ఇంతమంది ఉన్నారు, చూసుకో అని. పిడికిలి అంటే నేనే ఆఖరు. చేయి తీయడం ప్రమాదమని ఈమధ్య కొందరు మానేశారుగానీ నాకలవాటైపోయింది.'

అంటే పొద్దున్నుంచీ ఎదురైన ప్రతివాడికీ మా అన్నయ్య చెబుతున్నది... నా వెనక ఒకరున్నారు అని.

కాల్యుమెట్‌లో ఒక రాతి కమాను ఉంది. భవనం లేదు, వాకిలి మాత్రం మిగిలింది. 1913లో గని కార్మికుల సమ్మె జరుగుతుండగా, క్రిస్మస్‌ ముందురోజు వాళ్ల పిల్లలకు ఇక్కడి ఇటాలియన్‌ హాల్లో పార్టీ పెట్టారు. ఎవరో 'నిప్పు' అని అరిచారు. నిప్పు లేదు. తొక్కిసలాటలో మెట్ల మీద 73 మంది చనిపోయారు. వాళ్లలో 59 మంది పిల్లలు. హాలును 1984లో కూలగొట్టి ఆ ద్వారబంధాన్ని మాత్రం ఉంచారు. మంచు టోపీ పెట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరం హెల్మెట్లు తీసి కాసేపు నిలబడ్డాం.

అదే ఊళ్లో 'పాస్టీ'లు కొన్నాం. పెద్ద సైజు కజ్జికాయ అనుకోండి... కొబ్బరికి బదులు లోపల మాంసం, బంగాళాదుంప, ఒకరకం దుంప. మేం కూరగాయలవి తీసుకున్నాం. ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్‌ నుంచి వచ్చిన గని కార్మికులు తెచ్చిన వంట ఇది. సొరంగంలో పార మీద పెట్టి కొవ్వొత్తి మంటతో వేడిచేసుకునేవారని చెబుతారు. అన్నయ్య వాటిని రేకుకాగితంలో చుట్టి, ఇంజిన్‌ దగ్గర సైలెన్సర్‌కి బిగించిన చిన్న డబ్బాలో పెట్టాడు. 'మధ్యాహ్నానికి వేడిగా ఉంటాయి.' మనవాడు అమెరికా వెళ్లి ఏం నేర్చుకున్నాడయ్యా అంటే... బండితో అన్నం వేడిచేసుకోవడం!

మోహాక్‌ దాటాక రోడ్డు పక్కన 32 అడుగుల థర్మామీటర్‌లాంటి బోర్డు ఉంది. ఏ ఏడాది ఎంత మంచు పడిందో చూపిస్తుంది. 1978-79లో 390.4 అంగుళాలట. దాదాపు పది మీటర్లు, మూడంతస్తుల మేడ! అక్కడ ఫొటో దిగి, మధ్యాహ్నానికి కాపర్‌ హార్బర్‌ చేరాం. వంద గడపలైనా లేని ఊరు. ఫ్లోరిడాలోని మయామి దాకా రెండువేల మైళ్లు పోయే హైవే ఈ చివర మొదలవుతుంది. చలికాలంలో కార్లకు మూసేసే బ్రాక్‌వే కొండదారి స్నోమొబైళ్లకే వదిలేస్తారు. పైకెక్కితే కింద సుపీరియర్‌. ఒడ్డున తెల్లటి గడ్డలు, అవతల కంటికి ఆనినంతమేరా ముదురు నీళ్లు. అన్నయ్య ఏదో చెబుతున్నాడు. గాలికి వినిపించలేదు. మళ్లీ అడిగితే 'ఏం లేదు' అన్నాడు.

ఎనిమిది రోజులు

నేను పడింది తిరుగు ప్రయాణంలో. డెలవేర్‌ చేరకముందు ఓ మలుపు. అన్నయ్య దాటేశాడు. గతుకుల్లో నాకు వేగం తెలియలేదు. మలుపు చూడాల్సింది పోయి ఎదురుగా ఉన్న చెట్టుని చూశాను. సైకిలు నేర్చుకునేటప్పుడు నాన్న చెప్పేవాడు... దేన్ని చూస్తే దాన్నే గుద్దుతావు అని. బెదిరి బ్రేకు నొక్కాను. స్కీలు తిరగలేదు. బండి దారి దిగి మెత్తటి మంచులోకి దూకి, పక్కకి ఒరిగి, ముక్కు దాకా కూరుకుపోయింది. చెట్టు ఇంకో నాలుగడుగుల దూరంలో ఉంది. నేను ఎగిరి పరుపు మీద పడ్డట్టు పడ్డాను. ఎర్రతాడు ఊడింది. ఇంజిన్‌ ఆగింది.

పొద్దున్నుంచీ చెవుల్లో ఉన్న మోత ఒక్కసారి పోతే ఎలా ఉంటుందో చెప్పలేను. లేవబోతే నడుందాకా దిగబడ్డాను. ఫోన్లో సిగ్నల్‌ లేదు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. పిలిస్తే పలికేవాళ్లు లేరు. అప్పుడు మాత్రం నిజంగా భయమేసింది. పది నిమిషాలో పావుగంటో. పైనుంచి కొమ్మల మీది మంచు అప్పుడప్పుడూ పొడిలా రాలుతోంది.

అన్నయ్య బండి చప్పుడు వినిపించింది. వస్తూనే బండి ఆపి, దిగి, తనూ నడుందాకా దిగబడి, ఈదుతున్నట్టు నా దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. నా గ్లవుజులు లాగి వేళ్లు ఒక్కోటీ నొక్కి చూశాడు. మెడ తిప్పమన్నాడు. అద్దం పైకెత్తిన హెల్మెట్‌లో అతని మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

'నాన్నుంటే అడిగేవాడు' అన్నాడు. 'ఎక్కడ పారేసొచ్చావురా అని.'

బండిని లాగాలని చూశాం. ముందు మంచు తొక్కాం, ట్రాక్‌ కింద చేతులతో తవ్వాం, స్కీ పట్టుకుని లాగాం. అంగుళం కదల్లేదు. రొప్పుతూ అన్నయ్య బండి మీద కూర్చున్నాం. డబ్బాలోంచి పాస్టీలు తీశాడు. నిజంగానే వేడిగా ఉన్నాయి. వదిన పోసిచ్చిన అల్లంటీ మూతలో పోశాడు. అప్పుడు, నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

'నాన్నని ఆస్పత్రిలో చేర్చింది ఏప్రిల్‌ 26న.'

2021 సంగతి. కరోనా రెండో విడత. గుంటూరులో ఎక్కడా మంచం దొరకని రోజులు. మే 7న నాన్న పోయాడు. అన్నయ్య రాలేదు. వదినకి నెలలు నిండుతున్నాయి. అన్నయ్య పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరిపోయింది. మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ల మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. వస్తే తిరిగి ఎప్పుడు వెళ్లగలడో తెలియదు. ఇవన్నీ అందరికీ తెలిసిన కారణాలే. అంత్యక్రియలు వీడియో కాల్‌లో చూశాడు. ఆ సాయంత్రం నేను ఫోన్లో 'నీకు నీ వీసా ముఖ్యం' అన్నాను. ఇంకా చాలా అన్నాను.

'ఆంక్షలు పెట్టింది నాలుగో తారీఖున. మధ్యలో ఎనిమిది రోజులున్నాయి' అన్నాడు. 'టికెట్‌ బుక్‌ చేశాను. మర్నాడు క్యాన్సిల్‌ చేశాను. వీసా గురించి కాదు చిన్నీ. భయమేసింది. టీవీలో ఆ మంటలు చూసి... వస్తే నేనూ పోతానేమోనని. మీ వదినక్కూడా వీసా అనే చెప్పాను.'

నేనేమీ అనలేదు. టీ చల్లారిపోయింది. అతను ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. అప్పుడిక నావంతు.

ఆరో తారీఖు పొద్దున ఆస్పత్రివాళ్లు ఒకరికి అవకాశం ఇస్తామన్నారు. పీపీఈ కిట్‌ వేసుకుని ఐదు నిమిషాలు లోపలికెళ్లి చూసి రావచ్చు. నేను కిట్‌ తీసుకున్నాను. కాళ్లకి కవర్లు కూడా వేసుకున్నాను. తలుపు దగ్గరిదాకా వెళ్లాను. అక్కణ్నుంచి వెనక్కొచ్చి బాబాయికిచ్చేశాను. నాన్నని ఆఖరిసారి చూసింది బాబాయి. కానీ ఆ సాయంత్రం అన్నయ్యతో ఫోన్లో నేనన్న మాట... 'నేను లోపలికెళ్లి చూశాను, చేయి పట్టుకున్నాను. నువ్వెక్కడున్నావు?' అమ్మకీ అదే చెప్పాను. రెండు నెలల తర్వాత బాబాయీ పోయాడు. అడిగేవాళ్లు లేరు. నాలుగేళ్లుగా ఆ అబద్ధం మీద నిలబడి అన్నయ్య మీద కోపంగా ఉన్నాను.

చెప్పాను. అంత చలిలోనూ కళ్లనీళ్లు వెచ్చగానే వచ్చాయి, గడ్డానికి వచ్చేసరికి చల్లబడ్డాయి. అన్నయ్య పాస్టీ సగం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. కొంతసేపటికి 'బాబాయి ఏమన్నాడు? నాన్న మాట్లాడాడా?' అని అడిగాడు. 'నిద్రలో ఉన్నాడట. కాలు దుప్పట్లోంచి బయటికుంటే కప్పి వచ్చాడట' అన్నాను. అన్నయ్యకి ఎవరూ ఈ సంగతి చెప్పలేదు. ఎలా చెబుతారు? నేను చెప్పిన కథలో బాబాయి లేడు కదా!

ఆ తర్వాత ఏం మాట్లాడేవాళ్లమో తెలియదు. రెండు బళ్లు వచ్చి ఆగాయి. డెబ్బై ఏళ్లుంటాయేమో, భార్యాభర్తలు. ఏమైందని కూడా అడగలేదు. పెద్దాయన సీటు కింద నుంచి తాడు తీశాడు. పెద్దావిడ నా బండి చుట్టూ ఓసారి తిరిగి, మేం తవ్విన చోటు కాకుండా ఇంకో పక్క తవ్వమంది. నలుగురం కలిసి ఐదు నిమిషాల్లో లాగేశాం. నలభై నిమిషాలుగా మేం చేసిందంతా బండిని ఇంకాస్త లోపలికి దించడమేనని అప్పుడర్థమైంది. ఎక్కణ్నుంచని అడిగింది ఆవిడ. ఇండియా అన్నాను. నా హెల్మెట్‌ కింద కనిపిస్తున్న గోధుమరంగు ఉన్ని చూసి 'మీ దేశంలో అల్లారా? బాగుంది' అని వేలితో ముట్టుకుని చూసింది.

వాళ్లు వెళ్లాక హెల్మెట్‌ తీశాను. మంకీ క్యాప్‌ కన్నీళ్లతోనో మంచుతోనో తడిసి బిరుసెక్కింది. అన్నయ్య తన ముసుగు తీసి నాకిచ్చాడు. నాన్న క్యాప్‌ తీసుకుని, చేతుల్లో నలిపి మెత్తబరచి, తన తలకి తొడుక్కున్నాడు. 'ఇక నువ్వు ముందు పో' అన్నాడు.

ముందు వెళ్లడం వేరే సంగతి. దారి నేనే చూసుకోవాలి, బోర్డులు నేనే చదవాలి. చీలిక వచ్చిన ప్రతిచోటా ఆగి, హ్యాండిల్‌ పక్కనున్న చిన్న అద్దంలో అతని లైటు కోసం చూశాను. ఆరుగంటల వేళ వెలుగు నీలంగా మారుతుండగా హాన్‌కాక్‌ దగ్గరికి వచ్చాం. ఎదురుగా కుర్రాళ్ల గుంపు. ముందువాడు ఐదు వేళ్లు చూపించాడు. నేను ఎడమచేయి ఎత్తి ఒక వేలు చూపించాను.

బళ్లు అప్పగించి మోటెల్‌ గదికొచ్చేసరికి అమ్మ వీడియో కాల్‌. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. జడ కూడా వేసుకోలేదు. 'తిరిగొచ్చారా? అన్నం తిన్నారా? వాడేడీ?' ఫోన్‌ అన్నయ్య వైపు తిప్పాను. మంచం అంచున కూర్చుని బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు. తలమీద మంకీ క్యాప్‌ అలాగే ఉంది. అమ్మ కళ్లజోడు సర్దుకుని ఫోన్‌ని మొహానికి మరీ దగ్గరగా తెచ్చుకుంది. కాసేపు తెరనిండా ఆవిడ నుదురే కనిపించింది.

'అదేంట్రా' అంది చివరికి. 'దానికిచ్చి పంపితే నువ్వు పెట్టుకున్నావు?'